నిమ్మ ఆకు కొనలు మాడుతున్నాయి, ఇంకేం వేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. పుత్తూరు వైపు రెండెకరాల నిమ్మతోట, ఆరేళ్ల చెట్లు, ఎర్ర గరప నేల, బోరు నీళ్లు, డ్రిప్పు. పిందె రాలుతోందని చెట్టుకు 50 గ్రాముల చొప్పున బోరాక్సు (బోరాన్ ఎరువు) పాదులో వేశారు. నెలన్నరకు ఆకు పసుపు తిరిగితే అంగడిలో ఇచ్చిన సూక్ష్మపోషకాల మిక్చరు చెట్టుకు ఇంకో 100 గ్రాములు వేశారు. ఇప్పుడు ముదురు ఆకుల కొనలు మాడి రాలిపోతున్నాయి. ఏ పోషకం తక్కువైంది, ఇంకేం వేయాలి అని అడుగుతున్నారు.

ఏమీ వేయకండి. మీరు చెప్పిన వరుస చూస్తే ఇది తక్కువైన జబ్బు కాదు, ఎక్కువైన జబ్బు. మొదటి అనుమానం బోరాన్ మీదే. మిక్చరు, టానిక్కు, డ్రిప్పులో వదిలే ద్రావణం, పిచికారీ, అన్నీ ఈ రోజే ఆపండి. ఆపడానికి పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక నెల ఏమీ వేయకపోతే చెట్టు చావదు, ఇంకో దఫా వేస్తే మాత్రం ఈ చెట్లు రెండేళ్లు వెనకబడతాయి.

"ఎకరాకు అయిదారు కిలోలే కదా, అంత మాత్రానికే విషమవుతుందా" అని మీకు అనిపించవచ్చు. అక్కడే అందరూ దెబ్బతినేది, కాబట్టి లెక్క వేసి చూద్దాం.

6 మీటర్లు × 6 మీటర్ల ఎడంలో ఎకరాకు 112 చెట్లు వస్తాయి. చెట్టుకు 50 గ్రాములంటే ఎకరాకు 5.6 కిలోల బోరాక్సు. కాగితం మీద ఇది పెద్ద మోతాదేం కాదు. బోరాక్సులో బోరాన్ 11 శాతం దాకా ఉంటుంది, అంటే 50 గ్రాముల్లో 5.5 గ్రాములు. ఈ 5.5 గ్రాములు చెట్టు వాటా నేల మొత్తం, 36 చదరపు మీటర్లలో, పై జానెడు మట్టిలో కలిస్తే పీపీఎంలో (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులనే లెక్క) 0.7 కూడా దాటదు. కానీ మీరు వేసింది మొత్తం నేలలో కాదు, పాదులో. మీటరు వ్యాసార్థం ఉన్న పాదు 3.14 చదరపు మీటర్లే. పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 700 కిలోలు తూగుతుంది. అదే 5.5 గ్రాములు ఆ 700 కిలోల్లో పడితే దాదాపు 8 పీపీఎం. వేడినీటి పద్ధతిలో చేసే నేల పరీక్షలో 0.5 పీపీఎం కన్నా తక్కువ ఉంటేనే లోపం అంటారు. నిమ్మకు రెండు మూడు దాటిందంటే చాలు, ఇబ్బందే. ఎకరా లెక్కన సరైన మోతాదే, పాదు లెక్కన పదకొండింతలైంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అంగట్లో "బోరాన్" అని అడిగితే రెండు మూడు రకాల సరుకు ఇస్తారు. మామూలు బోరాక్సులో 11 శాతం, బోరిక్ యాసిడ్‌లో 17 శాతం, నీళ్లలో ఇట్టే కరిగే తెల్ల పొడి రకంలో 20 శాతం బోరాన్ ఉంటుంది. ఆ 20 శాతం రకాన్ని ఆకు మీద చల్లడానికి చేస్తారు. దాన్నే బోరాక్సు మోతాదులో పాదుకు 50 గ్రాములు వేస్తే 10 గ్రాముల బోరాన్ పడ్డట్టు, పాదులో 14 పీపీఎం. మీ సంచీ ఇంకా పారేయకపోతే వెనక్కి తిప్పి శాతం చూడండి. మిక్చరు సంచీ మీద కూడా జింకు, ఇనుము, మాంగనీసు, రాగి పక్కన బోరాన్ ఎంతో రాసి ఉంటుంది. మీరు రెండోసారి వేసిన 100 గ్రాముల్లో అది ఎంత కలిసిందో అప్పుడు తెలుస్తుంది.

మిగతా సూక్ష్మపోషకాల్లో లోపానికీ విషానికీ మధ్య కొంత జాగా ఉంటుంది. జింకు సల్ఫేటు వరికి ఎకరాకు 20 కిలోలు వేసినా నేల తట్టుకుంటుంది, పైగా రెండు మూడు పంటల దాకా మళ్లీ అవసరముండదు. బోరాన్‌లో ఆ జాగా చాలా ఇరుకు. పైగా మీకు తగిలిన పంట నిమ్మ. సాగునీటిలో బోరాన్‌ను తట్టుకునే శక్తి ప్రకారం పంటలను వరసపెడితే నిమ్మ అట్టడుగున ఉంటుంది, లీటరుకు అర మిల్లీగ్రాము దాటితే చాలు నొచ్చుకుంటుంది. చీనీ (బత్తాయి), ఉల్లి, అలసంద దాని పక్కనే ఉంటాయి. వేరుశనగ, నువ్వులు, పెసర కొంచెం పైన. టమాటా అయితే నాలుగైదు మిల్లీగ్రాములున్నా నిలబడుతుంది. మదనపల్లె, పలమనేరు వైపు టమాటాకు చెల్లిన మోతాదు నిమ్మకు చెల్లదు. "పక్క చేనులో వేశారు, ఏమీ కాలేదు" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇది బోరానే అని ఎలా నిర్ధారించుకోవాలి

కొన మాడటం ఒక్కటి చూసి ఏదీ తేల్చకూడదు. ఉప్పు ఎక్కువైనా కొనలు మాడతాయి, పొటాష్ తక్కువైనా ముదురాకుల అంచులు మాడతాయి. పొటాష్ లోపమనుకుని మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసేవాళ్లు చాలామంది. అందులో సగానికి దగ్గరగా క్లోరైడే, ఉప్పు నీళ్ల బోరున్న తోటలో అది మంటకు చమురు పోసినట్టే.

చెట్టుకు నడుమ ఎత్తులో, ఆరేడు నెలల వయసున్న ఆకు ఒకటి తెంపి ఎండకు ఎదురుగా పట్టుకోండి. బోరాన్ ఎక్కువైతే పసుపు కొన నుంచి మొదలై అంచుల వెంబడి వెనక్కి వస్తుంది. ఈనెల మధ్య మచ్చలు మచ్చలుగా పాకుతుంది, కాడ వైపు సగం మాత్రం పచ్చగానే ఉంటుంది. తరవాత కొన గోధుమరంగుకు తిరిగి ఎండుతుంది. బోరాన్ నీటితోపాటు ఆకులోకి ఎక్కుతుంది. నీరు ఆవిరైపోయే కొనలోనే అది మిగిలిపోతుంది, అక్కడి నుంచి నిమ్మలో వెనక్కి రాదు. అందుకే ఎక్కువ నీరు తాగిన పాత ఆకులోనే ముందు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆకును తిప్పండి. అడుగు వైపు సన్నని గోధుమరంగు జిగురు చుక్కలు, వేలితో రాస్తే గరుకుగా తగిలేవి ఉంటే బోరాన్ అనుమానం బాగా బలపడుతుంది. గజ్జి తెగులుతో పొరబడకండి. గజ్జి మచ్చ ఆకుకు రెండు వైపులా ఉబ్బి బెరడులా ఉంటుంది, చుట్టూ పసుపు వలయం ఉంటుంది, కాయ మీదా కొమ్మ మీదా కూడా కనిపిస్తుంది. జిగురు చుక్కకు వలయం ఉండదు, పైవైపు కనిపించదు.

ఉప్పు దెబ్బ అయితే పసుపు మచ్చల పాకుడు లేకుండా కొన నేరుగా తుప్పు రంగుకు మాడుతుంది. నీటి ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) చూస్తే తేలిపోతుంది.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండు కుండీలు తీసుకోండి. ఒకదాంట్లో జబ్బు చెట్టు పాదు మట్టి, రెండోదాంట్లో రెండు వరసల మధ్య ఎరువు పడని మట్టి నింపండి. రెండింట్లోనూ ఆరేసి అలసంద గింజలు పెట్టి వాననీళ్లో, మంచి తాగునీళ్లో పోయండి, బోరు నీళ్లు వద్దు. అలసంద బోరాన్‌కు చాలా సున్నితం. పాదు మట్టిలో మొలకల మొదటి ఆకులు రెండు మూడు వారాల్లో అంచులు మాడి, పక్క కుండీలో పచ్చగా ఉంటే తప్పు పాదు మట్టిలో ఉన్నట్టే. రెండూ బాగుంటే నీటి వైపు చూడాలి.

బోరు నీటిని వదిలేయొద్దు

బస్తా మీదే అందరి దృష్టీ ఉంటుంది. నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము బోరాన్ ఉందనుకుందాం. చెట్టుకు రోజుకు 40 లీటర్ల చొప్పున ఏడాదిలో 200 రోజులు పెడితే 8,000 లీటర్లు. దాంతో 8 గ్రాముల బోరాన్ పాదులోకి చేరుతుంది, అంటే 73 గ్రాముల బోరాక్సు వేసినట్టు. మీరు చేత్తో వేసినదానికన్నా ఎక్కువ, అదీ ఏటా. నీటి పరీక్షకు ఇచ్చేటప్పుడు ఈసీ, పీహెచ్, క్లోరైడు, సోడియంతో పాటు బోరాన్ కూడా చూడమని నోటితో చెప్పండి, అడగకపోతే చాలా చోట్ల చూడరు. లీటరుకు 0.7 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు పంటలకు ఫరవాలేదంటారు, నిమ్మకు మాత్రం 0.5 దగ్గరే జాగ్రత్త పడాలి. శీసా గాజుది కాకుండా ప్లాస్టిక్‌ది వాడండి, గాజులో కూడా బోరాన్ ఉంటుంది. మోటారు వేసి పది నిమిషాలు వదిలాక పట్టండి.

మట్టి నమూనా విషయంలో జరిగే పొరపాటు వేరు. సూక్ష్మపోషకాలు పీపీఎంలలో ఉంటాయి కాబట్టి తుప్పు పట్టిన పారతో తీసి, జింకు పూత రేకు బకెట్‌లో కలిపి, ఖాళీ ఎరువుల సంచిలో పంపిస్తే రిపోర్టులో వచ్చేది మీ బకెట్‌లోని జింకు. పారతో వి ఆకారంలో గుంట తీసినా, లోహం తాకిన పక్కను వెదురు బద్దతో గీకేసి ఆ మట్టి తీసుకోండి. ప్లాస్టిక్ బకెట్, కొత్త గుడ్డ సంచి. జబ్బు చెట్ల పాదుల్లో 0–15, 15–30 సెంటీమీటర్ల లోతున వేర్వేరుగా, బాగున్న చెట్ల పాదుల్లో అలాగే ఇంకో జత. నాలుగు సంచులు. మొత్తం తోట కలిపి ఒకే నమూనా పంపితే మీ ప్రశ్నకు జవాబు రాదు, సగటు వస్తుంది. 2015లో మొదలైన భూసార పరీక్ష పత్రాల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అన్నీ ఉంటాయి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో గానీ ఎక్కడ ఇవ్వాలో అడగండి.

వీలుంటే ఆకు పరీక్ష కూడా చేయించండి. నాలుగు నుంచి ఆరు నెలల ఆకులు, కాయ లేని రెమ్మల నుంచి. నిమ్మజాతి ఆకులో బోరాన్ 36 నుంచి 100 పీపీఎం మధ్య ఉంటే సరిపోయినట్టు, 200 దాటితే ఎక్కువైనట్టు. పిచికారీ చేసిన ఆకును పంపితే పైన అంటుకున్న మందే లెక్కకొస్తుంది.

ఉన్నదాన్ని ఎలా తగ్గించాలి

బోరాన్‌కు ఉన్న ఒకే ఒక మంచి గుణం, ఇసుక పాలు ఎక్కువున్న నేలలో నీటితో కిందికి దిగిపోతుంది. కానీ ఉప్పంత తేలిగ్గా దిగదు. ఉప్పును కడిగే నీటికి రెండు మూడింతలు కావాలి. పై 30 సెంటీమీటర్ల మట్టిలో బోరాన్ సగానికి రావాలంటే సుమారు 36 సెంటీమీటర్ల నీరు కిందికి దిగాలి. మీటరు వ్యాసార్థం పాదుకు అది 1,100 లీటర్ల పైచిలుకు. డ్రిప్పుతో గంటో రెండు గంటలో వదిలితే ఈ పని జరగదు. డ్రిప్పు చేసేదల్లా బోరాన్‌ను తడి అంచుకు నెట్టి అక్కడ పెట్టడమే, ఎండ కాయగానే అది మళ్లీ పైకి వస్తుంది.

ఒకేసారి పోయొద్దు. నిమ్మకు వేరు కుళ్లు, మొదలు దగ్గర బంక కారడం నీరు నిలిస్తేనే వస్తాయి. మొదలు చుట్టూ అడుగున్నర దూరంలో ఒక చిన్న కట్ట, బయట పెద్ద కట్ట వేసి, నీరు రెండు కట్టల మధ్యే నిలిచేలా డబుల్ రింగ్ చేయండి. నాలుగు దఫాలుగా, దఫాకు 280 లీటర్ల చొప్పున, మధ్య నాలుగైదు రోజులు ఆరనివ్వండి. నీరు ఇంకకుండా నిలిచిపోతే కింద గట్టి పొర ఉన్నట్టు, అప్పుడు ఈ పద్ధతి వద్దు.

మీ బోరు నీళ్లలోనే బోరాన్ ఎక్కువని తేలితే ఆ నీటితో కడగడం దండగ. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం ఉంది కదా, ఆ వానలకు పాదులు తెరిచి, నీరు బయటికి పారకుండా కట్టలు వేసి పెట్టుకోండి. వాన నీటిలో బోరాన్ దాదాపు లేనట్టే, దానికి మించిన మందు లేదు.

కడిగిన తరవాత నత్రజని, పొటాష్ కూడా కొంత దిగిపోతాయి. రెండు వారాలు ఆగి, కొత్త ఇగురు కదులుతుంటే మామూలు యూరియా మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. పొటాష్ కావాలంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్.

ఇంకొకటి. రాలిన ఆకులను పాదులోంచి ఊడ్చి తోట బయట పడేయండి. ఆకులోకి ఎక్కిన బోరాన్ ఎక్కువగా ఆ ఎండిన కొనల్లోనే ఉంది. అది కుళ్లితే మళ్లీ వేరుకే చేరుతుంది. మామూలుగా ఆకు కప్పడం మంచిదని చెప్పే మాట ఈ ఒక్క ఏడాదికి పక్కన పెట్టండి. కట్టెల బూడిద కూడా పాదులో వేయొద్దు, దాంట్లోనూ బోరాన్ ఉంటుంది.

మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. దాన్ని చూసి మందు పని చేయలేదనుకోకండి. కొత్త ఇగురు ముదిరి మూడు నాలుగు నెలలయ్యాక దాని కొన ఎలా ఉందో చూడండి, తీర్పు అక్కడే. పచ్చగా ఉన్న సగం ఆకును కత్తిరించొద్దు, అది ఇంకా తిండి తయారుచేస్తోంది.

బోరాన్ కాకపోతే

రిపోర్టులో బోరాన్ మామూలుగా వచ్చి, పసుపు లేత ఆకుల్లో, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంటే కథ వేరు. అది చూడగానే ఎవరైనా "ఇనుము లోపం" అంటారు. నిజమే, ఆకులో ఇనుము లేదు. కానీ నేలలో ఇనుము లేక కాదు. రాగి, జింకు, మాంగనీసు వీటిలో ఏది మోతాదు మించినా ఇనుము దారికి అడ్డం పడుతుంది. సూక్ష్మపోషకాల్లో ఎక్కువైన జబ్బు ఇలా తక్కువైన జబ్బు వేషం వేసుకుని వస్తుంది. రైతు మళ్లీ మిక్చరు వేస్తాడు, అందులో ఇనుముతోపాటు రాగి, జింకు కూడా ఉంటాయి. పసుపు ఇంకా పెరుగుతుంది. అంగడివాడికి మాత్రం లోటుండదు.

నిమ్మతోటల్లో ముఖ్యంగా చూడాల్సింది రాగి. గజ్జి తెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడు లీటరుకు 3 గ్రాములు కొడతాం, అందులో సగం రాగి. చెట్టుకు 6 లీటర్లు పట్టిందనుకుంటే దఫాకు 9 గ్రాములు, ఏడాదికి అయిదు దఫాలైతే 45 గ్రాములు. పదేళ్లకు 450 గ్రాములు. ఆకు మీద పడింది వానకు కడుక్కుపోయి, ఆకు రాలి, చివరికి చెట్టు కిందికే చేరుతుంది. చెట్టు నీడ రెండు మీటర్ల వ్యాసార్థం అనుకుంటే పై జానెడు మట్టిలో 150 పీపీఎం పైమాటే. రాగి బోరాన్‌లా కిందికి దిగదు. పై మట్టికి అతుక్కుని దశాబ్దాలు ఉంటుంది. 1880ల నుంచి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) కొడుతున్న ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో ఆ రాగి ఇంకా పై మట్టిలోనే ఉంది.

దీన్ని ఆకులో కాదు, వేరులో చూడాలి. చెట్టు నీడ అంచున జానెడు లోతు తవ్వి పిల్లవేళ్లు తీయండి. మంచి వేరు లేత గోధుమ రంగులో వెంట్రుకల్లా చీలి ఉంటుంది. రాగి దెబ్బ తిన్నది పొట్టిగా, మొద్దుగా, నల్లబారి, కొమ్మలు లేకుండా ఉంటుంది. కడగడం వల్ల లాభం లేదు. పీహెచ్ 6 లోపు ఉంటే సున్నం వేసి 6.5 దాకా తేవాలి, బాగా మగ్గిన పశువుల ఎరువు చెట్టుకు 25–30 కిలోలు వేయాలి, ఆ రెండూ రాగిని వేరుకు అందకుండా పట్టి ఉంచుతాయి. సున్నం ఎంత అనేది పరీక్షలో రావాలి, చేతికొలత వద్దు. మన గరప నేలల్లోనే కొన్ని చోట్ల అడుగున సున్నపు గులక ఉంటుంది. అక్కడ సున్నం వేస్తే ఇనుము పూర్తిగా బిగుసుకుపోతుంది.

జింకుకూ ఇదే వైద్యం. కోళ్ల ఎరువు ఏటా ఎక్కువగా తోలే తోటల్లో జింకు, రాగి రెండూ పేరుకుంటాయి, కోళ్ల దాణాలో అవి కలుపుతారు కాబట్టి. మాంగనీసు ఎక్కువవడం పుల్లటి నేలలో, నీరు నిలిచే చోటనే వస్తుంది, మురుగు తీసేస్తే సగం తగ్గుతుంది. మాలిబ్డినం అనే ఇంకో సూక్ష్మపోషకం గురించి మీరు దిగులు పడక్కర్లేదు, అది ఎక్కువైతే చెట్టుకన్నా ముందు ఆ గడ్డి మేసిన పశువుకే తెలుస్తుంది.

అసలు మొదటి సమస్య, పిందె రాలడం. దానికి బోరాన్ లోపం ఒక కారణమే, అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం కాదు. నీరు ఒకసారి ఎండగట్టి ఒకసారి ముంచడం ఈ వైపు తోటల్లో ఎక్కువ. పరీక్షలో నిజంగా 0.5 కన్నా తక్కువ వచ్చినా పాదులో వేయకండి. బోరాక్సు లీటరుకు 1 గ్రాము, 20 శాతం రకమైతే అర గ్రాము, పూతకు ముందు ఒకసారి ఆకు మీద చల్లితే చాలు. ఆకు మీద చల్లింది ఎక్కువైనా ఆ ఆకుతో పోతుంది, నేలలో వేసింది అంత తేలిగ్గా పోదు. వరసల మధ్య వేరుశనగ వేసే ఆలోచన ఉంటే ఈ ఏడాది పాదులకు దూరంగా వేయండి, దానికీ ఈ మట్టి పడదు.

మీ రెండు సంచుల మీద రాసిన శాతాలు, బోరు నీటిలో బోరాన్ అంకె, పాదు మట్టి పీహెచ్, ఈ మూడూ వచ్చాక ఇక్కడే కింద రాయండి. ఎన్ని దఫాలు కడగాలో మీ పాదు కొలతకు లెక్క వేసి చెప్పొచ్చు. ఆకు ఫొటో పెడితే పైవైపుతో పాటు అడుగు వైపు కూడా తీయండి.